ఎండకు పెట్టిన కెమెరా

మున్నీసా ఏ కెమెరానైనా ముందు కళ్ళతో చూడదు. చెవికి ఆనించుకుంటుంది.

తెనాలి బోసురోడ్డు నుంచి లోపలికి తిరిగే సందులో మూడో దుకాణం ఆమెది. బాపట్ల నుంచో రేపల్లె నుంచో వచ్చిన ఫోటోగ్రాఫరు కెమెరా బల్లమీద పెట్టి, దానికేమైందో చెప్పబోతే చెయ్యెత్తి ఆపేస్తుంది. కెమెరాని కుడిచెవి దగ్గర పెట్టుకుని నాలుగైదుసార్లు బటన్ నొక్కుతుంది. లోపల అద్దం పైకి లేస్తుంది, షట్టరు తెరలు రెండూ ఒకదాని వెనక ఒకటి పరిగెత్తుతాయి, అద్దం మళ్ళీ కిందికొచ్చి కూర్చుంటుంది. వినేవాళ్ళకి అదంతా కలిపి ఒక్క 'టక్'. ఆమెకి మాత్రం నాలుగు చప్పుళ్ళు విడివిడిగా వినపడతాయి. "రెండో తెర ఈడుస్తోంది. ఇంకో నెల వస్తుందేమో" అంటుంది. ఆమె చెప్పిన గడువు దాటి పనిచేసిన కెమెరా ఇంతవరకూ లేదు.

ఈ పని ఆమెకి ఎవరూ నేర్పలేదు. తండ్రి అబూబకర్ చేతిగడియారాలు బాగుచేసేవాడు. ఆయన చూపు మందగించేసరికి సెల్‌ఫోన్లు వచ్చి గడియారాలు కట్టుకునేవాళ్ళు తగ్గిపోయారు. సన్న స్క్రూడ్రైవర్లూ, పట్టకార్లూ, కంటికి తగిలించుకునే భూతద్దమూ మిగిలాయి. ఆ రోజుల్లోనే ఒక స్టూడియో ఆయన, పెళ్ళి భోజనాల్లో సాంబారు బకెట్టులో పడిన కెమెరా తెచ్చి, "ఎట్టాగూ పోయిందేగా అమ్మాయ్, నువ్వు విప్పి చూసుకో" అని ఇచ్చిపోయాడు. ఏ స్క్రూ ఎక్కడిదో కాయితం మీద బొమ్మ గీసుకుంటూ పదకొండు రోజులు దానితో కూర్చుంది. పన్నెండో రోజు అది ఫోటో తీసింది. ఆ తర్వాత నాలుగేళ్ళు పనిచేసింది. ఎండాకాలంలో మాత్రం కొంచెం ఇంగువ వాసన వచ్చేది.

ఇరవై రెండేళ్ళు అలా గడిచాయి. ఇప్పుడు ఆమెకి యాభై దాటాయి. ఈమధ్య దుకాణానికి వచ్చేవాళ్ళే తగ్గారు.

రేపల్లె నుంచి ఏసుపాదం ఒక శనివారం పొద్దున్నే వచ్చాడు. అక్కడ చిన్న స్టూడియో నడుపుతాడు. పదిహేనేళ్ళుగా కెమెరాకి జలుబు చేసినా ఆమె దగ్గరికే తెస్తాడు.

"అక్కా, కొత్తది. మిర్రర్‌లెస్సు" అని బల్లమీద పెట్టాడు.

ఆమె తీసి చెవికి ఆనించుకుని బటన్ నొక్కింది. ఏమీ వినపడలేదు. మళ్ళీ నొక్కింది. బయట రోడ్డు మీద ఆటో హారన్ తప్ప ఇంకేమీ లేదు.

"చచ్చిపోయిందేంటి ఇది?"

"చావలేదక్కా, రెండు ఫోటోలు పడినియ్యి. చూడు, నా ముక్కు ఎంత బాగా వచ్చిందో!" ఏసుపాదం పగలబడి నవ్వాడు. "దీంట్లో అద్దం లేదు. షట్టరుంది గానీ అదీ వాడక్కర్లా. సినిమావాళ్ళు కూడా ఇట్టాంటివాటితోనే తీస్తన్నారు, ఫోటో, వీడియో రెండూ ఒక్కదాంట్లోనే. ఇంకో రెండు మూడేళ్ళకి అసలు షట్టరే ఉండదంట."

ఆమె కూడా నవ్వింది. కానీ చెవి దగ్గర నుంచి కెమెరా తీయడానికి కాస్త ఆలస్యమైంది.

అతను ఆ కెమెరా కొన్నది ఆ నిశ్శబ్దం కోసమే. బాపట్ల చర్చిలో పాస్టరుగారికి ప్రమాణాలప్పుడు కెమెరా చప్పుడు గిట్టదు. పోయినేడు ఒక పెళ్ళిలో చదివేది ఆపి, మైకులోనే, "ఏం బాబూ, జీడిగింజలు కొడుతున్నావా?" అని అడిగాడట. చర్చంతా నవ్వింది. ఏసుపాదానికి ఆ నవ్వు ఇంకా మానలేదు. మళ్ళీ అదే చర్చిలో గురువారం మనీషా అనే టీచరమ్మ పెళ్ళి. ఈలోగా వాడరేవులో ఆ జంటకి ఫోటోలు తీస్తుంటే అల ఒకటి మీదికొచ్చింది. కెమెరా వెనకున్న చక్రం బిగుసుకుపోయింది. లెన్సు లోపల ఆవిరి పట్టింది.

"బుధవారానికి ఇచ్చెయ్యక్కా."

"ఇస్తాలే, పో."

ఆదివారం చక్రం విప్పింది. ఉప్పు తెల్లగా పేరుకుని ఉంది. స్పిరిట్‌లో ముంచిన బ్రష్‌తో ఒక్కో పన్నూ తుడిచింది. చక్రం సుఖంగా తిరిగింది. లెన్సులో ఆవిరి మాత్రం పోలేదు. దానికి ఆమె మందు ఎప్పుడూ ఒకటే, డాబా మీద ఎండ. సముద్రపు గాలికి బూజు పట్టిన లెన్సుల్ని తెల్లగుడ్డ పరిచిన పళ్ళెంలో పెట్టి, గాజు సూర్యుడికి ఎదురుగా ఉండేట్టు నిలబెడుతుంది. లెన్సు విడిగా, కెమెరా విడిగా.

ఈసారి లెన్సు విప్పబోయి ఆగింది. పాత కెమెరాల్లో లెన్సు తీసినా అద్దం అడ్డంగా ఉండేది. దీంట్లో ఆ మరుగు లేదు. లెన్సు తీయగానే లోపల బొమ్మని పట్టే సెన్సారు గోళ్ళరంగు వేసినట్టు మెరుస్తూ ఎదురుగా కనపడుతోంది. డాబా మీద దుమ్ము దానిమీద పడితే? కొత్త వస్తువు, జాగ్రత్తగా ఉండాలనుకుంది. లెన్సు బిగించే ఉంచి, కెమెరాతో సహా పళ్ళెంలో పెట్టి, గాజుని సూర్యుడి వైపు తిప్పింది. కిందికి వెళ్ళి అన్నం వార్చుకుని అరగంటకి వచ్చేసరికి ఆవిరి పోయింది.

సోమవారం పొద్దున తెల్లగోడని ఫోటో తీసి చూసింది. నడిమధ్యకి కొంచెం పైన ఊదారంగు గీత ఉంది. కనురెప్ప వెంట్రుకంత, కాస్త ఏటవాలుగా. దుమ్మేమో అనుకుని తుడిచింది. మళ్ళీ తీసింది. గీత అక్కడే ఉంది. ఇంకోసారి తుడిచింది. లెన్సు మార్చి తీసింది. అక్కడే ఉంది.

"నస్రీన్, ఈ కెమెరా పుస్తకం నీ ఫోనులో దొరుకుతుందేమో చూడమ్మా."

నస్రీన్ ఆమె కూతురు, బ్యాంకులో ఉద్యోగం. టిఫిన్ తింటూనే ఒక చేత్తో వెతికింది. "ఇదిగో అమ్మీ. సూర్యుడి వైపు గురిపెట్టి ఉంచరాదు, ఆపి ఉంచినప్పుడు కూడా. లెన్సు ద్వారా ఎండ ఒకచోట చేరి సెన్సారు కాలిపోవచ్చు."

మున్నీసా బల్ల వైపు చూసింది. దాని మూల మీద ఆవగింజంత నల్లమచ్చ ఉంది. తొమ్మిదేళ్ళప్పుడు తండ్రి భూతద్దంతో తనే ఎండని పట్టి కాల్చిన మచ్చ. ఆయన ఆ రోజు చెవి మెలిపెట్టాడు కూడా. ఆమె మళ్ళీ కెమెరా తెరమీద గీతని చూసింది. మచ్చ కాక గీతెందుకు అయిందో అప్పుడు అర్థమైంది. అరగంటలో సూర్యుడు ఎంత జరిగాడో అంత మేర కాలింది.

ఆ రోజంతా ఆమె దుకాణంలో ఏ పనీ ముట్టుకోలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆమె దగ్గర ఉన్నదల్లా పేరొక్కటే. మూడు ఊళ్ళ ఫోటోగ్రాఫర్లకీ ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో ఎవరో ఒకడు 'కొత్త కెమెరాలు మున్నీసా అక్కకి తెలియవు' అని ఒక్క ముక్క పెడితే చాలు. పాత కెమెరాలు ఎలాగూ తగ్గిపోతున్నాయి. కొత్తవి గుమ్మం తొక్కవు.

మంగళవారం పొద్దున ఏసుపాదం ఫోన్ చేశాడు. "ఎట్టా ఉందక్కా? ఉప్పునీళ్ళు లోపలికంటా పోయి ఉంటాయని భయంగా ఉంది. సెన్సారు గిన్సారు పోయిందంటావా?"

ఇక ఆమె 'అవును' అంటే చాలు. అతను అల మీద నాలుగు తిట్లు తిట్టుకుని ఊరుకుంటాడు.

"నేనే వస్తన్నా" అంది.

రేపల్లె బండిలో కెమెరా సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వేమూరు దాటేదాకా చెప్పాల్సిన మాట మనసులో అనుకుంటూనే ఉంది. తీరా స్టూడియోలోకి వెళ్ళాక అనుకున్నవేవీ రాలేదు. తెల్లగోడ ఫోటో చూపించి, "ఇది అల వల్ల కాదు. నేను ఎండకి పెట్టాను. లెన్సు తియ్యకుండా పెట్టాను. బాగుచేయించే ఖర్చు నాది" అంది.

ఏసుపాదం ఫోటోని పెద్దది చేసి ఆ గీతని చూశాడు. "పిల్లోడు కూడా చెయ్యని పనక్కా ఇది" అన్నాడు. అతని భార్య ఏసమ్మ లోపల్నుంచి వచ్చి, "ముందు మంచినీళ్ళన్నా తాగనియ్యండి ఆమెని" అంది. అతను వినలేదు. "ఎల్లుండి పెళ్ళి. ఆ పాస్టరు ముందు నేనేం పెట్టుకుని నిలబడాల?"

"నా పాత కెమెరా ఉంది. మొన్ననే కొత్త షట్టరు వేశాను."

"వద్దు. నీది వద్దు. నా పాతది బీరువాలో ఉందిగా." తీసుకొచ్చాడు. అలవాటుగా ఆమె చెయ్యి చాపింది. అతను ఇవ్వలేదు. ఇవ్వకుండానే రెండుసార్లు నొక్కి చూసుకున్నాడు. ఆ దూరం నుంచే ఆమెకి వినపడింది. రెండో తెర బరువుగా ఉంది.

"ఏసుపాదం, దాని తెర..."

"నువ్వు ఇంకేం విప్పొద్దక్కా. దణ్ణం పెడతా."

కాసేపటికి అతనే గొంతు తగ్గించి, "చప్పుడు సంగతేం చెయ్యను?" అన్నాడు.

బుధవారం ఆమె పాత బొంత ఒకటి కోసి, కెమెరాకి సరిపడే తొడుగులు రెండు కుట్టింది. లెన్సుకో కన్నం, చెయ్యి దూరడానికో కన్నం. తన కెమెరాలో అద్దం వచ్చి తగిలే చోట మెత్తటి స్పాంజి ముక్కలు పాతబడి ఉంటే కొత్తవి అతికించింది. అతనిది ఎలాగూ విప్పనివ్వడు. రెండో తొడుగు ఎవరికోసమని నస్రీన్ అడిగితే, దాన్ని తన కెమెరాకి తొడిగి సంచీలో పెట్టుకుంది.

గురువారం బాపట్ల చర్చి గుమ్మంలో ఒక తొడుగు ఏసుపాదం చేతికిచ్చి, లోపల ఆడవాళ్ళ వైపు చివరి బెంచీ మీద, తలమీద కొంగు కప్పుకుని కూర్చుంది. అక్కడ అందరూ తలమీద కొంగు కప్పుకున్నవాళ్ళే. ఆమెని ఎవరూ పట్టించుకోలేదు. తన కెమెరా ఒళ్ళో సంచీలో ఉంది. ఏసమ్మ స్టాండు మీద ఫోను పెట్టి వీడియో తీస్తోంది. దానికి చప్పుడూ లేదు, ఆయాసమూ లేదు. మున్నీసా దానివైపు ఒకసారి చూసి చూపు తిప్పుకుంది.

బొంత బాగానే పనిచేసింది. ముందు వరసలో వాళ్ళు కూడా తల తిప్పలేదు. ఆమె మాత్రం ప్రతి చప్పుడూ విడదీసి వింటోంది. పాస్టరుగారు పుస్తకం తెరిచి, పెళ్ళికొడుకుని చెయ్యి పట్టుకోమన్నాడు. అప్పుడు వినపడింది. రెండో తెర ఈడ్చింది. తర్వాతది ఇంకా ఎక్కువ ఈడ్చింది.

లేస్తే అందరూ చూస్తారు. కూర్చుంటే ఉంగరాల ఫోటోలు పోతాయి. అతను తన మాట వింటాడని నమ్మకం లేదు. ఎందుకు వినాలి?

లేచింది. గోడవారగా నడిచి అతనికి కనపడేట్టు నిలబడింది. అరచేతిని గాలిలో కిందికి ఈడ్చి చూపించింది. దుకాణంలో పదిహేనేళ్ళుగా అతనికి ఆ సైగ తెలుసు. ఏసుపాదం పళ్ళు బిగించి, వెళ్ళమన్నట్టు తల ఊపాడు. ఆమె కదల్లేదు. సంచీలోంచి బొంత తొడిగిన కెమెరా తీసి రెండు చేతులతో ముందుకి చాపింది. పాస్టరుగారు కళ్ళజోడు పైనుంచి చూశాడు. చదవడం ఆగిపోతుందేమోనని భయపడినా ఆమె చేతులు దించలేదు.

ఏసుపాదం తన కెమెరా వైపు చూసుకోలేదు. ఆమె ముఖం వైపు చూశాడు. రెండు అడుగులు వెనక్కి వేసి, తనది ఆమె చేతిలో పెట్టి, ఆమెది తీసుకున్నాడు.

పాస్టరుగారు చదువుతూనే ఉన్నాడు.

భోజనాల దగ్గర ఇద్దరూ ఒక మూలకి చేరి పాత కెమెరా ఫోటోలు వెనక్కి తిప్పి చూశారు. చివరి మూడింటికీ కింద, తెర అడ్డుపడిన మేర నల్లటి పట్టీ ఉంది. ఒకదానికన్నా ఒకదానికి వెడల్పు. ఆఖరి దాంట్లో పెళ్ళికూతురి నడుము దాకా వచ్చింది.

"ఇంకో రెండు నొక్కితే మొహం కూడా పొయ్యేది" అన్నాడు అతను. ఆమె విస్తట్లోకి తన లడ్డూ తీసి వేశాడు.

సాయంత్రం స్టేషన్‌కి అతనే బండిమీద దింపాడు. ప్లాట్‌ఫారం మీద కూర్చున్నాక ఆమె ఫోను తీసి, గ్రూపు తెరిచి, మైకు గుర్తు మీద వేలు పెట్టింది.

"ఏం చేస్తన్నావక్కా? నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పను కూడా."

"నువ్వు చెప్పవు. ఈ వానాకాలం ఇంకొకడు డాబా ఎక్కిస్తాడు. అందరికీ ఎండకి పెట్టమని నేర్పింది నేనేగా." వేలు అదిమిపట్టి మాట్లాడింది. "నేను మున్నీసాని. ఏసుపాదం కొత్త కెమెరా నా చేతిలో పాడయింది. లెన్సు ఉంచి ఎండకి పెట్టాను, లోపల కాలిపోయింది. అద్దం లేని కెమెరాలు ఎవరూ ఎండకి పెట్టకండి. ఇన్నాళ్ళూ నేను చెప్పింది వీటికి పనికిరాదు."

వేలు తీసింది. మాట వెళ్ళిపోయింది. విన్నట్టు పేర్లు ఒక్కొక్కటే కింద చేరాయి. నాలుగు, తొమ్మిది, పదహారు. ఎవరూ ఏమీ రాయలేదు. ఏసుపాదం, "వస్తానక్కా, పెళ్ళివాళ్ళ దగ్గర ఏసమ్మ ఒక్కతే ఉంది" అని వెళ్ళిపోయాడు.

తెనాలి బండి వస్తోందని మైకులో చెప్పారు. ఆమె సంచీ భుజానికి వేసుకుని లేచింది. ఫోను మోగింది. బాపట్లలోనే కొత్తగా స్టూడియో పెట్టిన భరద్వాజ.

"మున్నీసా గారూ, మీ మాట విన్నానండి. నాది కూడా మిర్రర్‌లెస్సే. నిన్న వానలో తడిసింది. రేపు ఎండకి పెడదామనే అనుకున్నానండి. మరి ఎట్టా ఆరబెట్టాలండి?"

రైలు కూత దగ్గరైంది. ఆమె రెండో చెవి మూసుకుంది.

"నాకూ ఇంకా తెలీదు నాయనా" అంది. "బ్యాటరీ తీసెయ్యి. లెన్సుకి మూత పెట్టు. ఆన్ చెయ్యకుండా రేపు పట్టుకురా, చూద్దాం."