నోరు మూసుకుని కట్టని పన్ను

మా తాత సిల్వెస్టర్ కోసిక్‌కి పన్ను కట్టడం వచ్చు. నోరు మూసుకుని కట్టడం మాత్రం రాదు.

మా హార్నర్‌టన్‌లో ఇంటి పన్ను వసూలు చేసేది ఒటీలియా దుడా. ఊరు ఓట్లేసి ఎన్నుకున్న మనిషి. ఆవిడకి ఆఫీసంటూ ఏమీ లేదు. గనివాళ్ళ వీధిలో గోడకి గోడ ఆనుకుని ఉన్న ఇళ్ళలో ఆవిడదీ ఒకటి. ముందు గది కిటికీ పక్కన ఒక బల్ల, బల్ల మీద రబ్బరు ముద్ర, ముద్ర వెనకాల ఆవిడ. గడువు లోపల కట్టినవాళ్ళకి కొంత తగ్గింపు, దాటినవాళ్ళకి జరిమానా. తగ్గింపు ఆఖరి రోజున తాత కట్టడానికి వెళ్ళేవాడు. ఆ రోజు ఒటీలియా వరండా మీద నిలబడడానికి చోటు దొరికేది కాదు. పన్ను ఎప్పుడో కట్టేసినవాళ్ళు కూడా ఇంటి నుంచి కుర్చీలు తెచ్చుకుని కూర్చునేవాళ్ళు.

"ఏం ఒటీలియా, మా ఇంటికి ఇంకో అంతస్తు మొలిచిందా? నాకైతే కనిపించలేదు. బిల్లు చూస్తే మొలిచినట్టే ఉంది."

"పన్ను వేసింది నేను కాదు సిల్వెస్టర్. పైన కౌంటీ ఆఫీసు వేసింది. నేను తీసుకుంటానంతే."

"బాగుంది. కరిచింది పళ్ళు, నేను కాదు అని కుక్క చెప్పినట్టుంది."

"డబ్బు బల్ల మీద పెట్టు. కబుర్లు జేబులో పెట్టుకో."

తాత రెండూ పెట్టేవాడు కాదు. ఇళ్ళ మీద వేసే బడి పన్నుతో మొదలుపెట్టి, రోడ్డు మీది గుంటలకి వచ్చి, మూతపడిన ఈతకొలను చుట్టూ ఒకసారి తిరిగి, ఫుట్‌బాల్ మైదానంలో కొత్తగా పెట్టిన దీపాల బోర్డు దగ్గర ఆగేవాడు. "మనవాళ్ళ స్కోరు చూపించడానికి అంత బోర్డా? సున్నా రాయడానికి సుద్దముక్క చాలదూ?" అక్కడికి జనం చప్పట్లు కొట్టేవాళ్ళు. గొంతు చర్చి దాకా పోయేది. ఆ సాయంత్రం ఫాదర్ ఎవరి పాపాలూ వినేవాడు కాదు, వినబడవు గనక.

మా అమ్మమ్మ రీటా ఆ రోజు కిటికీలన్నీ వేసుకుని, రేడియో పెద్దగా పెట్టుకుని, క్యాబేజీ ఆకుల్లో మాంసం చుట్టి హాలుప్కీ వండుకునేది. "మీ ఆయన ఎక్కడమ్మా?" అని ఎవరైనా అడిగితే, "విని చూడండి, మీకే తెలుస్తుంది" అనేది.

పన్ను లేని చోటికి కూడా తాత పోట్లాట మోసుకుపోయేవాడు. అరవై అయిదు దాటి, రాబడి తక్కువగా ఉన్నవాళ్ళకి మా రాష్ట్రం కట్టిన పన్నులో కొంత వెనక్కిస్తుంది. అద్దెకుండేవాళ్ళకి అద్దెలో కొంత ఇస్తుంది. ఆ డబ్బు రాష్ట్రం అమ్మే లాటరీ టికెట్ల మీద వచ్చేది. అయితే అద్దె ఇంత తీసుకున్నానని ఇంటాయన సంతకం పెట్టాలి. మూసేసిన చెప్పుల కొట్టు పైన అద్దెకుండే లియో మాట్టస్‌కి వాళ్ళింటాయన ఆ సంతకం పెట్టకుండా చలికాలమంతా తప్పించుకు తిరిగాడు. ఈ మాట తాత చెవిన పడింది. ఒక మడత కుర్చీ తీసుకుపోయి ఆ పెద్దమనిషి ఇంటి ముందు కాలిబాట మీద వేసుకుని కూర్చున్నాడు. వచ్చేపోయేవాళ్ళకి లియో గది వర్ణించడం మొదలుపెట్టాడు. కారే కప్పు, మూతపడని తలుపు, ఆ తర్వాత ఎలకలు, ఒక్కొక్క ఎలకా విడివిడిగా. మధ్యాహ్నానికి ఇంటాయన చెప్పులు ఈడ్చుకుంటూ బయటికొచ్చాడు.

"ఎక్కడ పెట్టాలి సంతకం?"

"కింద పెట్టు. పేరు పూర్తిగా రాయి. ఎలకల పేర్లు నేను రాస్తాలే."

తాతకి పోట్లాడటానికి ఇంకో వీధి దొరికిందని ఊరు నవ్వుకుంది.

ఆ తర్వాత కౌంటీవాళ్ళు ఒటీలియా పదవి తీసేశారు. ఇకమీదట పన్ను బ్యాంకులో కట్టమన్నారు. తాత బ్యాంకుకి వెళ్ళి అద్దం ముందు నిలబడి మొత్తం పాఠం అప్పజెప్పాడు. అద్దం వెనకాల అమ్మాయి అంతా విని, తియ్యగా నవ్వి, రసీదు ఇచ్చింది. తాత జ్వరం వచ్చినవాడిలా ఇంటికొచ్చి సోఫాలో పడుకున్నాడు. "అద్దంతో ఏం పోట్లాడతాం రీటా? నా మొహమే నాకు కనిపిస్తోంది" అన్నాడు.

ఇదంతా ఒక ఎత్తు. జూన్ నెలాఖరుకి ముందు రోజు రాత్రి భోజనాల దగ్గర అమ్మమ్మ చెప్పిన మాట ఒక ఎత్తు.

"ఒటీలియా ఇల్లు అమ్మేస్తోంది. సోమవారం ఎవరో చూడ్డానికి వస్తున్నారు."

తాత ఫోర్కు కింద పెట్టాడు. "ఎందుకు?"

"ఎందుకేమిటి? వాళ్ళాయన ఎమిల్ పోయాడు. రెండు పింఛన్లు ఒకటయ్యాయి. బడి పన్ను మళ్ళీ పెరిగింది. అక్క కూతురింట్లో నేలమాళిగ ఖాళీగా ఉందట. అందులో ఉంటుందట."

"నేలమాళిగలోనా? ఆవిడేమన్నా బంగాళాదుంపల బస్తానా? వాపసుకి అర్జీ పెట్టుకోమను. ఆవిడ కట్టే పన్నులో ముప్పాతిక వెనక్కొస్తుంది."

"నేనూ అదే అన్నాను. ఊరందరి దగ్గరా పన్ను గుంజినదాన్ని, ఇప్పుడు నా పన్ను నాకిమ్మని వాళ్ళ మధ్యనే వరసలో నిలబడనా, చచ్చినా నిలబడను అంది. రేపటితో గడువైపోతుంది."

"పొగరు."

"నీకు లేనట్టు. మన అర్జీ కాగితాలు బీరువా మీద ఎన్నేళ్ళ నుంచి పడున్నాయి? ఎవరైనా చూస్తారనే కదూ నీ బాధ?"

"లాటరీ టికెట్లు గీకేవాళ్ళ డబ్బు నాకక్కర్లేదు" అన్నాడు తాత. హాలుప్కీని నాలుగు ముక్కలు చేశాడు, ఒక్కటీ తినలేదు. "అయినా ఆవిడ పోతే నేనెవరితో పోట్లాడాలి? నీతోనా? నువ్వు సమాధానమే చెప్పవు."

అమ్మమ్మ లేచి రేడియో పెద్దగా పెట్టింది.

తెల్లారి పొద్దున్నే తాత ఒటీలియా ఇంటి ముందు నిలబడి ఉన్నాడు.

"ఒటీలియా దుడా, బయటికి రా. నువ్వు వసూలు చేసినన్నాళ్ళూ నీ ఇంటి పన్ను నువ్వే తక్కువ రాసుకున్నావు. నాకు తెలిసిపోయింది."

వీధిలో కిటికీలన్నీ తెరుచుకున్నాయి. చాన్నాళ్ళయింది పాపం వాళ్ళకి. ఒటీలియా చేతికి పిండితోనే వరండాలోకి వచ్చింది. జీవితంలో గొంతు పెంచని మనిషి, అప్పుడూ పెంచలేదు.

"ఏమన్నావు?"

"విన్నావుగా. పోయినేడు నీ పన్ను బ్యాంకువాళ్ళు తీసుకున్నారు. ఆ రసీదులు పట్టుకుని వయసుమళ్ళినవాళ్ళ కేంద్రానికి రా. అక్కడ రాష్ట్రం తరఫున ఒక అమ్మాయి కూర్చుంటుంది. నువ్వు రాసుకున్నదీ వాళ్ళు తీసుకున్నదీ పోల్చి చూస్తుంది. నీ పింఛను కాగితం కూడా తే. ఎంత తిన్నావో అదీ తేలిపోతుంది."

"తేల్చమను" అంది ఒటీలియా. మొహం ఎర్రగా అయిపోయింది. "ముద్ర పట్టుకున్నన్నాళ్ళూ ఒక్క సెంటు అటూ ఇటూ కానివ్వలేదు నేను. నీవి కూడా తెచ్చుకో. రసీదులూ, పింఛను కాగితమూ. నింద వేసేవాడు వట్టి చేతుల్తో వస్తే ఒప్పుకోను."

"తెస్తాను. భయమా నాకు?"

పల్చటి స్వెట్టర్ గుండీలు ఒకటి మార్చి ఒకటి పెట్టుకుని, కాగితాల కట్ట చంకలో పెట్టుకుని ఆవిడ బయల్దేరింది. మా కారు ఎక్కనంది. ఆవిడ కాలిబాట మీద ముందు నడుస్తుంటే, తాతా, అమ్మమ్మా, నేనూ వెనకాల నత్తలా కారులో వెళ్ళాం. తాత కిటికీలోంచి తల బయటికి పెట్టి దారి పొడుగునా జరిమానాల గురించి అరుస్తూనే ఉన్నాడు. ఊళ్ళో సగం మంది వెంటపడ్డారు. ఒటీలియా ఎక్కడికి వెళుతోందని ఎవరికీ అనుమానం రాలేదు. సిల్వెస్టర్ కోసిక్‌తో తేల్చుకోవడానికి వెళుతోంది, అంతే.

గడువు ఆఖరి రోజు కదా, కేంద్రం కిటకిటలాడుతోంది. అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్ళే. అందుకే ఎవరూ ఎవరి వైపూ చూడటం లేదు. కాగితాలు చంకల్లో దాచుకుని గోడలు చూస్తున్నారు. మూల బల్ల దగ్గర మరిసోల్ అనే అమ్మాయి కూర్చుని అర్జీలు నింపుతోంది. తాత జనాన్ని తోసుకుంటూ పోయి, ఒటీలియాని ఆ బల్ల ముందు కుర్చీలో కూలేశాడు. తన కట్ట కూడా బల్ల మీద పడేశాడు. అరవడానికి ఆయనకి రెండు చేతులూ ఖాళీగా ఉండాలి.

"ఇక్కడ కూర్చో. కదలకు. ముందు నేను మాట్లాడాలి."

హాలు రెండో కొసన కాఫీ పెట్టిన చోటికి పోయి మొదలుపెట్టాడు. కాఫీ నీళ్ళలా ఉందన్నాడు. కుర్చీలు పసిపిల్లలకి చేసినవన్నాడు. అంతవరకు మామూలే. ఆ తర్వాత గొంతు మారింది.

"తలలు వంచుకుంటారేం? ఏం దొంగతనం చేశారు? ఈ లియో చొక్కాల మిల్లులో ఇస్త్రీ ఆవిరికి ఊపిరితిత్తులు ఉడకబెట్టుకున్నాడు. మా అన్న గనిలోంచి సగం మనిషిగా పైకొచ్చాడు. మన చేతుల్తో కట్టుకున్న ఇంట్లో మనం ఉండటానికి ప్రతి ఏడూ డబ్బు కడుతున్నాం. అందులోంచి నాలుగు రాళ్ళు వెనక్కివ్వడానికి మనల్ని వరసలో నిలబెడతారా? సిగ్గుపడాల్సింది మనమా? నా వైపు చూడండి. అందరూ ఇటు చూడండి."

అందరూ చూశారు.

బల్ల దగ్గర మరిసోల్ నెమ్మదిగా అడిగింది. "మామ్మగారూ, ఆ కాగితాలు ఇలా ఇస్తారా?"

"చూడమ్మా, బాగా చూడు. నేను తక్కువ రాసుకున్నానట."

"తక్కువేం లేదండి. పన్ను రసీదులున్నాయి, పింఛను కాగితం ఉంది. ఇంకేం అక్కర్లేదు. మీకు వాపసు వస్తుంది. ఇక్కడ సంతకం పెట్టండి."

ఒటీలియా అప్పుడు తలెత్తింది. హాల్లో ఒక్క మొహం కనిపించలేదు. అన్నీ వీపులే.

ఆ వీపులు తనకి తెలుసని తర్వాత ఆవిడ మా అమ్మమ్మతో చెప్పింది. ప్రతి ఏడూ ఆఖరి రోజున తన వరండా మీద అవే వీపులు. సిల్వెస్టర్ అరుస్తున్నంతసేపూ జనం అటే చూసేవాళ్ళు. ఆ సమయంలోనే డబ్బు చాలనివాళ్ళు సందులోంచి వచ్చి వెనక తలుపు తట్టేవాళ్ళు. ఎమిల్ వాళ్ళని వంటింట్లో కూర్చోబెట్టి, కాఫీ పోసి, తక్కువైంది తన జేబులోంచి వేసేవాడు. ఎమిల్ మంచి సమయం కనిపెట్టాడని ఆవిడ ఇన్నాళ్ళూ మెచ్చుకుంటూ వచ్చింది. ఆ సమయం చేసి పెట్టినవాడు కాఫీ దగ్గర నిలబడి అరుస్తున్నాడని ఆ కుర్చీలో కూర్చున్నాకే తెలిసింది.

సంతకం పెట్టింది. కలం కింద పెట్టకుండా అడిగింది. "ఆ అరిచేవాడు ఎప్పుడైనా పెట్టుకున్నాడా అర్జీ?"

"ఆ తాతగారా? లేదండి. ప్రతి ఏడూ ఎవరినో ఒకరిని తీసుకొస్తారు, అరుస్తారు, వెళ్ళిపోతారు."

ఒటీలియా లేచి తిన్నగా కాఫీ దగ్గరకి వెళ్ళి తాత చొక్కా చెయ్యి పట్టుకుంది.

"నీ వంతు అయింది. వెళ్ళి కూర్చో."

"ఎక్కడ?"

"నేను లేచిన కుర్చీలో. నీ కట్ట అక్కడే ఉంది. అన్నీ నువ్వే తెచ్చావు."

తాత గొంతు సన్నబడింది. అంత సన్నగా కూడా మాట్లాడగలడని మాకెవరికీ తెలియదు. "ఒటీలియా, వీళ్ళంతా చూస్తారు."

"నన్ను చూస్తారు" అంది ఒటీలియా. జనం వైపు తిరిగి, ఇన్నేళ్ళుగా రబ్బరు ముద్ర కింద అణిచిపెట్టుకున్నదంతా ఒక్కసారి బయటపెట్టింది. ఈ మనిషి వల్ల తనకి వచ్చిన తలనొప్పులన్నీ చెప్పింది. ఈయన ఇచ్చిన నోట్లన్నీ వెల్లుల్లి సాసేజి కంపు కొట్టేవనీ, బ్యాంకువాళ్ళు వాటిని విడిగా కట్టకట్టేవాళ్ళనీ చెప్పింది. లియో నవ్వు ఆపుకోలేక దగ్గు తెచ్చుకున్నాడు. మూల బల్ల దగ్గర మా తాత టోపీ ఒళ్ళో పెట్టుకుని, "ఎక్కడమ్మా సంతకం?" అని గుసగుసగా అడుగుతున్నాడు.

బయటికొచ్చాక ఒటీలియా ఈసారి కారెక్కింది. వాళ్ళింటి ముందు దిగుతూ, "సోమవారం వస్తానన్నవాణ్ణి రావద్దని చెప్పాలి" అంది, తనలో తాను అనుకున్నట్టు. తాత కిటికీలోంచి వీధి చూస్తూ కూర్చున్నాడు.

మలుపు తిరిగాక అమ్మమ్మ అడిగింది. "పెట్టావా?"

"పెట్టాను."

"మరి ఆ మొహమేమిటి?"

"ఆవిడకి అరవడం రాదు రీటా" అన్నాడు తాత, మండిపడుతూ. "గొంతు లేదు, ఊపిరి పట్టడం తెలీదు. వెనక బల్ల దగ్గర ఇద్దరు అటు తిరగనే లేదు, సంతకం పెట్టేదాకా నన్నే చూస్తూ కూర్చున్నారు. వచ్చే ఏటికైనా నేర్పించాలి."