నేనన్న పరవాలేదు

పదకొండు కిలోలు. చాలా ఏళ్లుగా నేను మోస్తున్న బరువు సరిగ్గా అంతే. తూచింది నేనే కాబట్టి అందులో అనుమానం లేదు. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. నా భార్యకు సగం చెప్పాను, అదీ నాకు అనుకూలంగా ఉన్న సగం. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనవసరం లేదు. అందుకే మీకు చెప్పడం కాస్త సులువనిపిస్తోంది. నన్ను ఓదార్చవద్దు. విని ఊరుకుంటే చాలు.

దక్షిణాఫ్రికాలో తెల్లవాళ్లే కాక అందరూ మొదటిసారి ఓట్లు వేసిన కొద్ది కాలానికే నేనీ దేశం వచ్చాను. అనకాపల్లి వైపు చక్కెర మిల్లులో పని నేర్చుకున్నవాణ్ని. డర్బన్‌కు ఉత్తరాన, ఉమ్‌హ్లాలి దగ్గర ఉన్న మిల్లులో ఇంజనీరు ఉద్యోగం దొరికింది. వచ్చిన మొదటి ఏడాదే డేనియల్ పరిచయమయ్యాడు. అతను డర్బన్ శివారు మెరీబ్యాంక్‌లో, తన షెడ్డులో కార్ల సీట్లకు తోలు కుట్టేవాడు. నా పాత కారు సీటు చిరిగితే అతని దగ్గరకు తీసుకెళ్లాను. నేనూ నా భార్యా తెలుగులో మాట్లాడుకోవడం విని, సూది పక్కన పెట్టి, లేచి వచ్చి నా చేతులు పట్టుకున్నాడు.

అతని ముత్తాతలు మా తీరం నుంచే చెరకు కూలీలుగా ఓడెక్కి వచ్చారట. అతని తండ్రి కాలంలో కుటుంబమంతా పెంతెకొస్తు సంఘంలో చేరింది. ఇంట్లో ఇంగ్లీషే. తెలుగంటే వాళ్ల అవ్వ వదిలిపోయిన వరసలు, వంటల పేర్లు, తిట్లు, దగ్గరకు తీసుకునే నాలుగు మాటలు. ఆ కాసిని మాటలతోనే నాతో మాట్లాడటానికి తెగ ప్రయత్నించేవాడు. ఏది ఎలా అనాలో నన్నడిగి దిద్దుకునేవాడు. వాళ్ల చర్చిలో అందరికీ నన్ను ‘అసలు తెలుగు మనిషి’ అని పరిచయం చేశాడు. నాకు నచ్చింది. అబద్ధమెందుకు, చాలా నచ్చింది. మిల్లులో నేను కొత్తగా వచ్చిన పరదేశిని. డేనియల్ షెడ్డులో మాత్రం మహా పండితుణ్ని.

ఆ షెడ్డులో ఒక కారుండేది. రెండే సీట్ల పాతకాలపు ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు. పైకప్పు లేనిది, ఆకుపచ్చది. తుక్కయిపోయిన దాన్ని ఒక చెరకు రైతు దగ్గర అతని తండ్రి కొని, ఏళ్ల తరబడి బాగు చేశాడు. సీట్ల వెనక, తలకంటే ఎత్తున, ఒక ఉక్కు కమాను తన చేత్తోనే అతికి, బోల్టులతో బిగించాడు. రోల్ బార్ అంటారు దాన్ని. కారు తిరగబడితే నేలకూ మనిషి తలకూ మధ్య మిగిలేది అదొక్కటే. ఉమ్‌హ్లాలి వైపు చెరకు తోటల మధ్య కొండ రోడ్డు మీద ఏటా పందెం జరిగేది. ఒక్కొక్క కారే పైకెక్కాలి, ఎంతసేపట్లో ఎక్కిందో గడియారం పట్టి చూస్తారు. పందెం నడిపేది తెల్లవాళ్ల క్లబ్బు, డేనియల్ తండ్రిలాంటివాళ్లను గేటు లోపలికి రానిచ్చేది కాదు. ఆ పెద్దాయన కారు తుడుచుకుంటూనే చనిపోయాడు. ఇప్పుడు గేటు తెరిచారు. నాన్న కారు ఒక్కసారి ఆ కొండెక్కాలి, అందరూ తల తిప్పి చూసేలా ఎక్కాలి, డేనియల్ కోరిక అంతే.

కారు బరువు తగ్గించే పని నాకప్పగించాడు. బంపర్లు తీశాం. స్టెప్నీ, హీటర్, కింది తివాచీలు, వానకు వేసే గుడ్డ కప్పు తాలూకు కడ్డీలు తీసేశాం. మిల్లు నుంచి తెచ్చిన కాటా మీద ఒక్కొక్కటీ పెట్టి అతను పండగ చేసుకునేవాడు. యాభై కిలోలు తగ్గిస్తానని వాళ్ల చర్చి మిత్రుల ముందు నేను గొప్పలు పోయాను. ముప్పై తొమ్మిది దగ్గర ఆగిపోయింది. తీయడానికి ఇంకేమీ మిగల్లేదు, ఆ కమాను తప్ప.

దాని బరువు పదిహేడు కిలోలు. అంత బరువు అంత ఎత్తున ఉంటే మలుపుల్లో కారు ఒరుగుతుంది. అది నిజమే. నిజాన్ని వాడుకుని కూడా తప్పు చేయవచ్చని నాకప్పుడే తెలిసింది. అల్యూమినియం గొట్టాన్ని అదే వంపులో వంచి, అదే నలుపు రంగు వేసి తెచ్చాను. ఆరు కిలోలు. పక్కపక్కన పెడితే ఏది ఏదో చెప్పలేరు.

బిగించే ముందే లెక్క వేశాను. మిల్లులో భోజనాల వేళ, ఒక కాగితం మీద. కారు తిరగబడితే ఆ గొట్టం దాని బరువుకు ఆగదు. ఆగుతుందేమో అనే అనుమానానికి కూడా చోటు లేదు. రెండోసారి వేశాను, అదే వచ్చింది. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఎందుకు? పరువు కోసమా? అతని కళ్లలో చిన్నవాణ్నవుతాననా? తిరగబడుతుందా ఏమిటి, రెండు నిమిషాల పందెమే కదా అనుకున్నానా? మూడూ అయి ఉంటాయి. ఏది ఎక్కువో తేల్చుకోవాలని ఇన్నేళ్లు చూశాను. తేలినా ఒరిగేదేమీ లేదు.

తండ్రి కమాను తీయడానికి డేనియల్ వెంటనే ఒప్పుకోలేదు. విప్పి కింద పెట్టాక కూడా దాని అతుకుల మీద చేయి వేసి నిలబడ్డాడు. తర్వాత కొత్తదాన్ని పట్టుకుని ఊపి చూశాడు.

“అన్నా, నే తలకిందలు అయితే, దిస్ వన్ ఆగుతాదా?”

నేను రెంచి తుడుచుకుంటున్నాను. తలెత్తలేదు.

“పరవాలేదు” అన్నాను.

అతని మొహం తేటపడింది. “షార్ప్” అన్నాడు, భేష్ అనడానికి ఇక్కడివాళ్ల మాట అది. “నువ్వు పరవాలేదు చెప్తే ఫినిష్, అన్నా. మా అవ్వ మాట అది.”

ఆ మాట సంగతి మీకు తెలుసు. మార్కులు ఓ మోస్తరుగా వస్తే పరవాలేదంటాం. కూరలో ఉప్పు తగ్గినా పరవాలేదంటాం. డేనియల్‌కు ఆ అర్థాలు తెలియవు. అతనికి జ్వరమొచ్చినప్పుడు వాళ్లవ్వ నుదుటి మీద చేయి వేసి అనేదట, పరవాలేదు అని. అంటే భయం లేదు, నీకేమీ కాదు, నేనున్నాను. ఈ సంగతి అంతకు ముందే అతను నాకు చెప్పాడు. ఆ మాట అతని చెవిలో ఎలా పడుతుందో తెలిసే అన్నాను. రేపేమైనా అయితే ఓ మోస్తరు అన్నానని తప్పుకోవడానికి దారి ఉంచుకునీ అన్నాను. ఒక్క మాటతో రెండు పనులు చేసుకున్నాను.

పందెం రోజు పొద్దున తుంపర పడింది. క్లబ్బు మనిషి కమానును వేళ్లతో తట్టి, రంగు చూసి, మంచిదే అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. అప్పుడైనా నోరు తెరవవచ్చు. డేనియల్ కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుని, నా వైపు బొటనవేలు ఎత్తి, వెళ్లాడు. మూడో మలుపులో తడిసిన చెరకు ఆకు మీద చక్రం జారింది. కారు కాలవలోకి దిగి, నిదానంగా బోర్లా పడింది. అంత నిదానంగా పడితే ఆ ఉక్కు కమాను కింద మనిషి తిట్టుకుంటూ బయటికి వచ్చేవాడు. నాది మడతపడిపోయింది.

అతను చనిపోలేదు. మెడ దగ్గర వెన్ను విరిగింది. అప్పటి నుంచి భుజాల కింద ఏదీ కదలదు. సూది పట్టి బతికిన చేతులవి.

ఇంతవరకు చెప్పిందాన్ని పొరపాటు అనే మంచివాళ్లు ఉంటారు. మిగతాదీ వినండి.

వారం తర్వాత క్లబ్బు హాల్లో విచారణ జరిగింది. ముగ్గురు పెద్దమనుషులు, టీ కప్పులు, బిస్కెట్లు. డేనియల్ ఆసుపత్రిలో మాట్లాడలేని స్థితిలో ఉన్నాడు. అతని భార్య ఎస్తేరు నా పక్క కుర్చీలో కూర్చుంది. ఆ గొట్టం గురించి అతనికేమి చెప్పారని నన్నడిగారు. మా భాషలో పరవాలేదని చెప్పాను, అంటే అంతంతమాత్రం అని అర్థం, ప్రమాదం తెలిసే అతను వెళ్లాడు, అన్నాను. వాళ్లు రాసుకున్నారు. అక్కడ తెలుగు తెలిసినవాళ్లు ఇంకెవరూ లేరు.

ఒక్క ఎస్తేరు ఉంది. ఆమె ఆ అవ్వ చేతి కింద కోడరికం చేసిన మనిషి. బయటికి వచ్చాక మెట్ల మీద ఆగి నెమ్మదిగా అడిగింది, అవ్వ ఆ మాట భయం లేదని చెప్పడానికి కదా అనేది అని. నేనేమన్నానో తెలుసా? మీ అవ్వది ఎప్పుడో ఓడలో వచ్చిన పాత తెలుగమ్మా, మీ దగ్గర చెడిపోయింది, అసలు తెలుగులో ఆ అర్థం లేదు, అన్నాను. మా అమ్మ కూడా నాకు జ్వరమొస్తే సరిగ్గా అలాగే అనేది. అది గుర్తుంటూనే అన్నాను.

ఆమె నమ్మింది. మా తెలుగు బ్రోకెన్, సారీ అన్నా, అని నాకే క్షమాపణ చెప్పింది. కోలుకున్నాక డేనియల్‌కూ అదే చెప్పింది. అతనూ నమ్మాడు. తప్పు తన చెవిదేననుకున్నాడు. నువ్వు చెప్పావు, నేనే రాంగ్‌గా విన్నాను, అని నన్నే సముదాయించాడు. ఆ రోజు నేను తల ఊపాను.

నెలకోసారి వెళుతూనే ఉన్నాను. అతను మంచం మీద నుంచి చెబుతుంటే ఎస్తేరు తోలు కుడుతుంది. పెరట్లో గోడకానించిన ఆ ఉక్కు కమానుకు చిక్కుడు పాదు అల్లించింది. ఏళ్లు గడిచినా ఒక్క అతుకు వదల్లేదు. డేనియల్ ఇప్పుడు నాతో ఇంగ్లీషే మాట్లాడతాడు. ‘అన్నా’ అన్న పిలుపొక్కటే మిగిలింది.

పోయిన నెల వెళ్లేసరికి అతనికి జ్వరం. ఎస్తేరు నుదుటి మీద తడిగుడ్డ వేస్తూ “పరవా...” అని ఆగిపోయింది. సిగ్గుపడుతూ నా వైపు చూసింది.

“ఈ మాట ఇక్కడ చెప్పొచ్చా, అన్నా?”

చెప్పొచ్చమ్మా అన్నాను. ఆమె చెప్పలేదు. గుడ్డ పిండి మళ్లీ అతని నుదుటి మీద వేసింది. నిజం చెప్పడానికి నాకు అంతకంటే మంచి సమయం దొరకదు. అయినా చెప్పులు వేసుకుని వచ్చేశాను.

ఆ రోజు నుంచీ ఇది రాస్తున్నాను, కొట్టేస్తున్నాను, మళ్లీ రాస్తున్నాను. తెలుగులో రాస్తున్నాను. వాళ్లిద్దరికీ తెలుగు చదవడం రాదు. ఇదీ ఒక దాక్కోవడమేనని నాకు తెలుసు. ఇంగ్లీషులో రాసి ఇచ్చే ధైర్యం వస్తుందో రాదో చెప్పలేను. లెక్క వేసిన కాగితం ఇప్పుడు నా ముందే ఉంది, మడతల దగ్గర చిరిగింది. ఒక్కటి మాత్రం చేయగలను. ఆ రోజు రెంచి తుడుచుకుంటూ ఇవ్వని జవాబు ఇక్కడ రాయగలను. రాస్తుంటే ఊపిరి కాస్త ఆడుతోంది.

ఆగదు, డేనియల్. అది ఆగదు. నాకు తెలుసు. నువ్వు సరిగ్గానే విన్నావు.