గింజ పెట్టని చెయ్యి

అది మొదలైంది కార్తీకమాసంలో ఒక ఆదివారం, పొద్దున పదకొండు దాటి పది నిమిషాలకు, ధర్మవరంలో ఓబుళమ్మక్క ఇంటి గడప దగ్గర. టైము ఎందుకు తెలుసంటే, చేతులు కడుక్కొని వస్తూ గోడ గడియారం చూశాను. మనవడికి పెట్టే వేళ పదకొండున్నర, ఇంకా ఇరవై నిమిషాలుందని లెక్క వేసుకున్నాను. ఆ లెక్క నా మనసులో పూర్తికాకముందే జరిగిపోయింది. ఇప్పటికి ఏడాదిన్నర. ఈ రోజు హిందూపురంలో మా పక్కింటివాళ్ళు పొడి కొట్టుకోవడానికి వేరుశనగ గింజలు వేయిస్తున్నారు. ఎవరికైనా నోరూరే వాసన అది. కిటికీలోనుంచి అది రాగానే నేను తరుగుతున్న బీరకాయ వదిలేసి, వాడు ఎక్కడున్నాడో వెతికి పట్టుకొని నోరు తెరిపించి చూశాను. నోట్లో ఏమీ లేదు. వాడు నవ్వి నాలుక చాపాడు. అయినా వాడి గుప్పిళ్ళు కూడా తెరిపించి చూశాకే వదిలాను.

ఓబుళమ్మక్కను మీరు చూడలేదు కాబట్టి ముందు పెనుకొండ సంగతి చెప్పాలి. మా ఆయనకు ఆ ఊరికి బదిలీ అయినప్పుడు మా కూతురు సుధ ఏడో నెల పసిబిడ్డ. ఒకే ఇంటిని రెండు వాటాలు చేసి అద్దెకిచ్చేవాళ్ళు. ఒక వాటాలో మేము, రెండో వాటాలో ఓబుళమ్మక్క, ఆమె కొడుకు. నాకంటే పదహారేళ్ళు పెద్దది. సుధ బాగా సన్నగా ఉండేది. పాలు తప్ప ఏది పెట్టినా ఉమ్మేసేది. నేను కంగారుపడి దొరికిందల్లా పెట్టి చూసేదాన్ని. పాలలో నానిన బిస్కెట్టు ఒక పూట, అరటిపండు ఒక పూట, పప్పుకట్టు ఒక పూట. ఓబుళమ్మక్క మధ్యగోడ మీదినుంచి ఇదంతా చూసి, నాలుగోనాడు పిలవకుండానే లోపలికి వచ్చి కూర్చుంది.

"ఏమ్మే కమలా, మూడు దినాలుగా చూస్తాండా. పొద్దున ఒకటి, మద్దేన్నం ఒకటి, సాయంత్రం ఇంకొకటి పెడతాండావు. రేపు బిడ్డకు కడుపు నొస్తే దేంట్లో నొచ్చిందో యాడ వెతుకుతావు?"

ఆమె ఆ రోజే రాగులు నానబోసింది. పొద్దునకు నీళ్ళు వంపి, తడిగుడ్డలో మూటగట్టి, ఉట్టిలో పెట్టింది. మరునాటికి తెల్లటి మొలకలు వచ్చాయి. వాటిని ఎండలో కాదు, నీడన ఆరబెట్టింది. సన్నసెగ మీద వేయించి, చేతులతో నలిపి మొలకలు రాల్చి, చెరిగి, తిరగలిలో విసిరి, పాత నూలు పంచెగుడ్డలో వేసి జల్లించింది. గుడ్డలోనుంచి దిగిన పిండి ముఖానికి పూసుకొనే పౌడరు కంటే మెత్తగా ఉంది. దాన్ని చల్లటి నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, పొయ్యి మీద పెట్టి, గరిటె ఆపకుండా తిప్పమని నాకిచ్చింది. ఉప్పు వద్దంది. బెల్లమూ వద్దంది. ఆ జావను రాగిసరి అనేది. మొదటి రోజు రెండు చెంచాలు, అదీ పొద్దున పూటే. కొత్తది ఏది పెట్టినా పొద్దునే పెట్టాలని, ఏమైనా తేడా వస్తే చూసుకోవడానికి పగలంతా ఉంటుందని ఆమె చెప్పింది. ఒక కొత్త పదార్థం పెట్టినాక మూడు దినాలు ఇంకో కొత్తది పెట్టకూడదు. ఆ ప్రకారం రాగి తర్వాత పెసరపప్పు, తర్వాత గుమ్మడికాయ, తర్వాత నెయ్యి. అన్నీ అయ్యాక, వేయించి పొట్టు తీసిన వేరుశనగ గింజల్ని రాయి మీద వెన్నలా నూరి, గోరంత తీసి జావలో కలిపి పెట్టింది. సుధ ఏడాది నిండేసరికి గిన్నె పట్టుకొని నాకేది. ఈ పిల్ల నా చేతిలో పెరిగిందని నేను ఎప్పుడూ అనుకోలేదు. ఆమె చేతిలోనే పెరిగింది.

మా ప్రాంతంలో వేరుశనగ కాయలు ఒలిచే రోజులొస్తే ఏ వసారా చూసినా ఆడవాళ్ళే ఉంటారు. విత్తనానికని సంచులు కుమ్మరించి చుట్టూ కూర్చుంటారు. మధ్యలో పసిపిల్లలు పాకుతూ ఉంటారు. ఒలిచేవాళ్ళ చేయి ఊరుకోదు. కాయ చిట్లించి, గింజను వేళ్ళమధ్య నలిపి, పొట్టు ఊది, దగ్గరున్న బిడ్డ నోట్లో వేస్తారు. అది ముద్దు పెట్టుకోవడం లాంటిది. ఎవరూ ఆలోచించి చేసే పని కాదు. ఓబుళమ్మక్క ఒక్కతే ఆ పని చేసేది కాదు, చేసేవాళ్ళను చూస్తూ ఊరుకునేది కాదు. బిడ్డలను గింజల కుప్ప దగ్గరికి రానిచ్చేది కాదు. ఒలుపు అయ్యాక నేలంతా తడిగుడ్డతో తుడిచి, ఆ తర్వాతే పిల్లలను దించనిచ్చేది. పిల్లల గుప్పిళ్ళు తెరిపించి చూసేది. అందుకని ఆమె వీధి మలుపు తిరగ్గానే ఆడవాళ్ళు "పోలీసక్క వస్తాండాది, నోర్లు తెరిచి పెట్టుకోండి" అని పిల్లలకు కాదు, ఒకరికొకరు చెప్పుకొని నవ్వేవాళ్ళు. ఒకసారి ఎదురింటామె కూతురు గింజ నోట్లో వేసుకొని దగ్గింది. ఉమ్మేసిందిలే అని తల్లి నేల మీద ఒక బద్ద చూపించింది. ఓబుళమ్మక్క ఒప్పుకోలేదు. గింజకు బద్దలు రెండు కదా, రెండోది చూపించమంది. తల్లి విసుక్కుంటూనే వెతికింది. అది ఆ పిల్ల గౌను మడతలో దొరికింది. అప్పుడుగానీ ఓబుళమ్మక్క లేవలేదు.

తర్వాత నేను హిందూపురంలో ఆడపిల్లల బడిలో ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పాను. ఇంత ఖచ్చితంగా ఉండడం ఎక్కడ నేర్చుకున్నావని తోటి టీచర్లు ఎగతాళి చేస్తే పెనుకొండలో అనేదాన్ని. వాళ్ళు అక్కడి కాలేజీ అనుకునేవాళ్ళు. ఓబుళమ్మక్క కొడుకు ధర్మవరంలో నేతపని చేసే ఇంటి అమ్మాయి జయమ్మను చేసుకొని, అక్కడే మగ్గం నేర్చుకొని నిలిచిపోయాడు. ఓబుళమ్మక్క వాళ్ళతో వెళ్ళింది. వీధిలో ఎవరికి కాన్పయినా ఆరో నెలలో బిడ్డను తెచ్చి ఆమె ఒడిలో పెట్టేవాళ్ళని జయమ్మ ఫోన్లో చెప్పేది. సుధకు లేకలేక కొడుకు పుట్టాడు. రుషి అని పేరు పెట్టారు. వాడికి పద్నాలుగో నెల వచ్చాక, నన్ను పెంచిన చేతికి వీణ్ణి చూపించాలమ్మా అని సుధే అంది. ఆ ఆదివారం అందుకే వెళ్ళాము.

ఓబుళమ్మక్క గడపకు ఆనుకొని కూర్చొని, చట్నీకని జయమ్మ ఇచ్చిన చేటెడు కాయలు ఒలుస్తోంది. నన్ను గుర్తుపట్టింది. సుధను గుర్తుపట్టింది. రాగిసరి తిన్నది ఈ పిల్లేనా అని బుగ్గలు నొక్కింది. అదే మాట ఇంకో రెండుసార్లు అడిగింది. ఈ మధ్య అత్తకు మరుపు వస్తోంది, పప్పులో ఉప్పు రెండుసార్లు వేస్తోందని జయమ్మ నవ్వుతూ చెప్పింది. ఎనభై మూడేళ్ళ మనిషికి మరుపు రావడం ఎవరికి వింత? రుషి వెళ్ళి ఓబుళమ్మక్క ఒడిలో కూర్చున్నాడు. సుధ లోపల మగ్గం మీది చీర చూస్తోంది. నేను చేతులు కడుక్కొని వస్తున్నాను.

ఆమె ఒక కాయ చిట్లించింది. గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి, పొట్టు ఊదింది. ఊది, రుషి నోట్లో పెట్టింది.

నేను చూశాను. చూసి కూడా నమ్మలేదు. మరెవరైనా అయితే అరిచేదాన్ని. ఆమె కాబట్టి, నా కళ్ళే తప్పు చూశాయని ఒక్క క్షణం నిలబడిపోయాను. ఆ క్షణంలోనే వాడు నవ్వాడు, నవ్వుతూనే దగ్గాడు, దగ్గు ఆగిపోయింది, మూతి నల్లబడింది. వాణ్ణి లాక్కొని, మోకాళ్ళ మీద బోర్లా వేసుకొని, తల కిందికి ఉండేట్టు పట్టి, భుజాల మధ్య అరచేత్తో చరిచాను. నాలుగో దెబ్బకు ఒక బద్ద నేల మీద పడింది. వాడు ఏడ్చాడు. ఆ ఏడుపుకు అందరూ ఊపిరి పీల్చుకున్నారు. జయమ్మ నీళ్ళు తెచ్చింది. నేను తాపనివ్వలేదు. వాడు కాసేపటికి ఏడుపు మాని నా గొలుసుతో ఆడుకోసాగాడు. పోయిందిలే, గండం గడిచిందిలే అన్నారు. నేను నేల మీద రెండో బద్ద కోసం వెతికాను. వాడి చొక్కా విప్పి దులిపాను. దొరకలేదు. అదిగాక, నేను రాకముందు ఆమె ఎన్ని పెట్టిందో నాకు తెలియదు. ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను.

"అక్కా, ఎన్ని గింజలు పెట్టినావు? కోపం లేదు. ఎన్నో చెప్పు చాలు."

ఆమె నన్ను చూసిన చూపులో భయం లేదు, దాపరికం లేదు.

"నేనా? పసిబిడ్డకు గింజ పెడతారేమ్మే యాడన్నా? నీకు చెప్పినా కదా, నూరి పెట్టాలని."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె రెండు వేళ్ళ కొనలకు ఎర్రటి పొట్టు అంటుకొని ఉంది. నా జీవితంలో నేను చాలా చావులు చూశాను, మా ఆయనది కూడా. ఏదీ నన్ను అట్లా కొట్టలేదు. ఆమెకు నియమం అంతా గుర్తుంది. ఒక్క అక్షరం పోలేదు. చెయ్యి మాత్రం ఆమె మాట వినకుండా, ఊళ్ళో అందరి చేతుల్లాగా అయిపోయింది.

కారు మాట్లాడుకొని అనంతపురం పోయాము. దారిలో వాడు నిద్రపోయాడు. ఊపిరిలో సన్నగా ఈల వినిపిస్తోంది. సుధ వాడి ఛాతీ మీదినుంచి చెయ్యి తీయలేదు. పిల్లల డాక్టరు రెండు పక్కలా విని, కుడివైపు గాలి సరిగా పోవడం లేదని, మత్తిచ్చి గొట్టం వేసి చూడాలని చెప్పాడు. వాణ్ణి లోపలికి తీసుకుపోయాక సుధ గోడకు తిరిగి నిలబడింది.

"ఆమె చేతి తిండి తిని నేను బతికినానని చిన్నప్పటినుంచీ చెప్తావు కదమ్మా. ఆ చెయ్యే పెట్టింది."

రెండూ నిజమే. డాక్టరు బయటికి వచ్చి గాజుగుడ్డలో పెట్టి ఒక బద్ద చూపించాడు. ఇంకేమైనా ఉన్నాయా అని అడిగాను. లేవమ్మా, అంతా చూశాను, ఇంత చిన్నదానికి ఎంత పని చూడండి అన్నాడు. అక్కడొక బద్ద, ఇక్కడొక బద్ద. ఒకటే గింజ. లెక్క సరిపోయిందని తెలిశాక నేను ఆ బెంచీ మీద కూర్చొని, చుట్టూ జనం ఉన్నా, గట్టిగా ఏడ్చాను.

వాడు కోలుకున్నాడు. నెల తర్వాత నేనొక్కదాన్నే ధర్మవరం వెళ్ళాను. గడప దగ్గర ఓబుళమ్మక్క లేదు. వెనక గదిలో కూర్చోబెట్టారు. చేట తీసేశారు. వీధిలో సంగతి తెలిసి బిడ్డలను తేవడం మానేశారు. వాళ్ళను తప్పుపట్టలేను. అత్త రోజూ పిల్లలు ఎందుకు రావడం లేదని అడుగుతుంటే, ఒకనాడు విసుగెత్తి ఉన్నదున్నట్టు చెప్పేశానని జయమ్మ కళ్ళు తుడుచుకుంది. విన్నాక ముసలామె తన చేతిని తానే నేలకేసి కొట్టుకుందట. పట్టి ఆపాల్సి వచ్చిందట. కాసేపటికి అంతా మరిచిపోయి, పిల్లలు ఎందుకు రాలేదని మళ్ళీ అడిగిందట. మళ్ళీ చెప్తే ఆమెకు అది మళ్ళీ కొత్త దెబ్బే. అప్పటినుంచి పిల్లలు నిద్రపోతున్నారని చెప్తున్నారు.

సుధ బిడ్డను ఎందుకు తేలేదని నన్నూ అడిగింది. నేను నిజమూ చెప్పలేదు, అబద్ధమూ ఆడలేదు. బాగున్నాడక్కా, మూడు పూటలా తింటున్నాడు అన్నాను. ఏమేం పెడుతున్నావని అడిగింది. వరుసగా చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, పెసరపప్పు వేయించి వేస్తున్నావా, పచ్చిది వేస్తున్నావా అని అడిగింది. వేయించే అన్నాను. తల ఊపింది. ఆమె వేళ్ళు ఒడిలో లేని కాయలను ఒలుస్తూనే ఉన్నాయి. అది చూడలేక, ఆ తర్వాత వెళ్ళినప్పుడల్లా సేరు రాగులు తీసుకెళ్ళి ఆమె ముందు పోసేదాన్ని. ఒక్క రాయి లేకుండా ఏరి, చెరిగి ఇచ్చేది. "సుధమ్మ బిడ్డకేనా?" అని మురిసిపోయేది. ఇంటికి తెచ్చి మొలకకట్టి, ఆరబెట్టి, మిల్లులో పట్టించి, గుడ్డలో జల్లించేదాన్ని. సుధ ఆ పిండి డబ్బాను వంటింట్లోకి రానివ్వలేదు. నేను బలవంతం చేయలేదు. ఆ జావ రోజూ పొద్దున నేనే కాచుకొని తాగాను.

కిందటి ఆశ్వయుజంలో ఆమె పోయింది. కొత్తది పొద్దునే పెట్టడం, మూడు దినాలు చూడడం, ఇదంతా నాతోనే ఉంది. సుధ కూడా తెలియకుండానే అట్లే చేస్తోంది. పోయినవేమిటో మాత్రం విడిగా చెప్పాలి. రుషి ఒంట్లో నాలుగు వందల గ్రాములు పోయాయి, రెండు నెలల్లో తిరిగి వచ్చాయి. వాణ్ణి మరొకరి ఒడిలో వదిలే ధైర్యం సుధకు పోయింది, ఇంకా రాలేదు. చివరి పదకొండు నెలలు ఓబుళమ్మక్క ఒడిలో ఒక్క బిడ్డ లేదు. ఎందుకు లేదో ఆమెకు తెలియకుండానే ఆ నెలలు గడిచాయి. ఇక నాకు పోయింది, అటు తిరిగి నా పని నేను చేసుకుంటూ బిడ్డను అప్పజెప్పగలిగిన చెయ్యి. అట్లాంటిది నాకు ఒకటే ఉండేది.