తాడుకి ఈ చివర

గడియారాల మేస్త్రికి ఓపిక ఎక్కువని వీధంతా అనుకుంటుంది. ఆవగింజలో సగముండే మరమేకును పట్టకారుతో పట్టుకుని, ఊపిరి బిగబట్టి గంటసేపైనా కూర్చోగలడు. అంతటి ఓపికమంతుడు ఎదురింటి దర్జీతో నాలుగేళ్లుగా మాట్లాడడం లేదు. దర్జీ పరాయివాడేమీ కాదు, స్వయానా తోడల్లుడు. మేస్త్రి భార్యకు అక్క మొగుడు. అరువిచ్చిన నిచ్చెన మెట్టు విరిగి తిరిగొచ్చిందని మేస్త్రి, ఇచ్చినప్పుడే విరిగి ఉందని దర్జీ. అక్కాచెల్లెళ్లు మాత్రం రోజూ ఎదురెదురు గుమ్మాల్లో నిలబడి, మొగుళ్ల వంతు కూడా తామే మాట్లాడేసేవారు.

ఇలా ఉండగా మేస్త్రి కూతురు కాలేజీ నుంచి వస్తూ ఒక కుక్కపిల్లను తెచ్చింది. ఉన్నచోట ఉండదు కనుక దానికి స్ప్రింగు అని పేరు పెట్టారు. కూతురికి పొద్దున్నే క్లాసులు. కుక్కను తిప్పే పని మేస్త్రి నెత్తిన పడింది. తొమ్మిది నెలలు నిండేసరికి, రోడ్డుకి ఆ చివర ఇంకో కుక్క తోక కనబడితే చాలు, స్ప్రింగు వెనక కాళ్ల మీద లేచి, కుయ్యిమంటూ, మేస్త్రిని బండిలా లాక్కుపోయేది. ఒకరోజు అలాగే లాక్కుపోయి ఆయన్ని కూరల బుట్ట మీద బోర్లా పడేసింది. కళ్లజోడు పగిలింది. రెండు రోజులు కొట్టు మూసుకోవాల్సి వచ్చింది.

భార్యాభర్తలిద్దరూ దాన్ని పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లారు.

"దీనికి కోపం కాదండీ, సంబరం. కనబడ్డ ప్రతి కుక్కా తన కోసమే వచ్చిన చుట్టం అనుకుంటోంది," అందావిడ. "నెమ్మదైన పెద్ద కుక్కనొకదాన్ని చూసుకుని, దూరంగా నిలబడండి. మీది దాన్ని చూసి, మళ్లీ మీ మొహం చూస్తే చికెన్ ముక్క పెట్టండి. గంతులేస్తే తిట్టొద్దు, లాగొద్దు, ఇంకాస్త వెనక్కి వెళ్లండి. కుదురుగా ఉన్న రోజు రెండడుగులు దగ్గరికి జరగండి."

"నెమ్మదైన కుక్క మన వీధిలో ఒకటే ఉందండీ," అంది భార్య, బయటికి రాగానే.

"ఎవరిది?" అన్నాడు మేస్త్రి, తెలిసీ, తెలియనట్టు.

"మా బావగారి దొర."

అక్క తన మొగుడికి ఏం చెప్పి ఒప్పించిందో గానీ, మర్నాడు పొద్దున్న ఆరింటికల్లా దర్జీ మెడలో టేపుతో మెట్టు మీద కూర్చుని ఆకాశం చూస్తున్నాడు. పక్కన దొర కునుకు తీస్తోంది. వీధి చివర కరెంటు స్తంభం దగ్గర మేస్త్రి, స్ప్రింగు, గిన్నెడు చికెన్ ముక్కలు.

వారం గడిచింది. కరెంటు స్తంభం దాటి ఒక్క అడుగు పడలేదు. మళ్లీ డాక్టరమ్మ దగ్గరికెళ్లారు. ఆవిడ ఆసుపత్రి ఆవరణలో వేరే కుక్కను అంతే దూరంలో నిలబెట్టింది. స్ప్రింగు బుద్ధిగా చూసి, మేస్త్రి వైపు తిరిగి, ముక్క తింది.

"మరి అక్కడేమైంది?" అంది డాక్టరమ్మ.

"తప్పు కుక్కది కాదమ్మా," అంది భార్య. "మా బావగారు తలెత్తగానే ఈయన కొయ్యబారిపోతారు."

"అదీ సంగతి. మీరు బిగుసుకుంటే తాడు బిగుసుకుంటుంది. అక్కడేదో కొంప మునిగిపోతోందనుకుంటుంది అది. ముందు మీరు నేర్చుకోవాలి మేస్త్రిగారూ."

అలా యాభై రెండేళ్ల వయసులో మేస్త్రి కుక్కతో పాటు శిక్షణలో చేరాడు. తోడల్లుడు కనబడగానే భుజాలు దించాలి, పిడికిలి వదలాలి, మెల్లగా ఊపిరి తీసుకోవాలి. కుదిరిన రోజున ఆయనకి చికెన్ ముక్క ఎవరూ పెట్టలేదు. అయినా మూడో వారానికి పది అడుగుల దూరానికి వచ్చాడు.

ఆ రోజు దర్జీ ఆకాశం మీంచి చూపు దించకుండానే అన్నాడు: "ఒరేయ్ దొరా, అలా ఎదురుగా వస్తే ఏ కుక్కకైనా బెదురేరా. పక్కనుంచి చుట్టు తిరిగి రమ్మను."

"మాకూ తెలుసని చెప్పవే స్ప్రింగూ," అన్నాడు మేస్త్రి. అని, పక్కనుంచే చుట్టు తిరిగి వచ్చాడు.

స్ప్రింగు మూడు క్షణాలు వాసన చూసింది. తర్వాత సంబరం ఆగక దొర మొహం మీదికి రెండు కాళ్లూ ఎత్తింది. దొర లేవనైనా లేవలేదు. గొంతులో ఒక్కసారి గుర్రుమంది. స్ప్రింగు టక్కున కూలబడి, చెవులు వెనక్కి వాల్చి, మొహం పక్కకి తిప్పుకుంది. మేస్త్రి నెలపాటు చికెన్ పెట్టి చెప్పిన పాఠాన్ని దొర ఒక్క ముక్కలో చెప్పేసింది.

"చూశావా తమ్ముడూ!" అన్నాడు దర్జీ, మరిచిపోయి.

"చూశాను అన్నయ్యగారూ," అన్నాడు మేస్త్రి, తనూ మరిచిపోయి.

అప్పట్నుంచి కుక్కలతో కలిపి నలుగురూ ఒకటిగానే షికారుకు వెళ్లేవారు. స్ప్రింగు ఎదురైన కుక్కల్ని మర్యాదగా పక్కనుంచి పలకరించి తన దారిన తను పోయేది. ఇన్నాళ్ల మాటల బాకీ తీర్చుకుంటున్నట్టు తోడల్లుళ్లిద్దరూ దారిపొడుగునా వాదించుకునేవారు. "మాట్లాడుకోని రోజుల్లోనే వీధి ప్రశాంతంగా ఉండేదే," అంది అక్క చెల్లెలితో.

రెండు నెలల తర్వాత డాక్టరమ్మ దారిలో కనబడి, "భలే మారిందే! ఎవరు నేర్పారు?" అంది.

"నేనేనండీ," అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

ఆ మాట మీద మళ్లీ మాటలు ఆగిపోయాయి. ఈసారి ఎన్నేళ్లోనని అక్కాచెల్లెళ్లు దిగులుపడ్డారు. మూడో రోజు పొద్దున్నే రెండు కుక్కలూ రెండు గుమ్మాల్లో కూర్చుని రాగం తీశాయి. వాటిని పట్టుకుని బయటికొచ్చి ఇద్దరూ వీధి మధ్యలో ఎదురుపడ్డాక మేస్త్రి తాడు వదులు చేసి, "పార్కు వైపు వెళ్దామా?" అన్నాడు. ఎవరిని అడిగాడో చెప్పలేదు. దర్జీ మాత్రం చెప్పులు వేసుకునే వచ్చాడు.