గుర్తులు తుడిచేసిన యోకాస్తా

ప్వెర్తో ప్లాతాలో కరెంటు వచ్చిందంటే ఊరంతా కేకలు. మా ప్రసూతి ఆసుపత్రిలోనూ అంతే. నర్సులు, బాలింతలు, కాపలావాడు, అందరూ చప్పట్లు కొడతారు. యోకాస్తా పొలాంకో ఒక్కతే కొట్టదు. తిన్నగా సర్వర్ గదిలోకి పోతుంది.

ఒకప్పుడు రేడియోలు బాగుచేసేది. రేడియో పలికేదాకా మూత బిగించేది కాదట. పదకొండేళ్లుగా మా కంప్యూటర్లు చూస్తోంది.

తల్లుల వివరాలన్నీ సర్వర్‌లోనే విడి కంప్యూటర్‌లా నడిచే ఒక వర్చువల్ మెషీన్‌లో ఉంటాయి. దానికి రోజూ బ్యాకప్ తీస్తారు, మొత్తం కాదు. డిస్కులో ఏ ముక్క మారితే దానికి మెషీన్ ఒక గుర్తు పెడుతుంది. గుర్తున్న ముక్కలే కాపీ అవుతాయి. పది నిమిషాల పని.

ఆ మంగళవారం ఉదయం కరెంటు పోయింది. బ్యాటరీలూ ఆగిపోయాయి. గంటకి వచ్చింది. బ్యాకప్ నడిచింది. అంతా సరిగ్గా ఉందన్నట్టు తెర మీద పచ్చరంగు.

"ఈ గుర్తుల్ని నమ్మను," అంది యోకాస్తా. "కరెంటు పోయినప్పుడు కొన్ని చెరిగిపోయుంటాయి. అన్నీ తుడిచేసి మొత్తం కాపీ తీస్తాను. ఆరు గంటలు పడుతుంది."

డైరెక్టర్ డాక్టర్ ఫెర్మీన్ నవ్వాడు. "అంతసేపూ మా కంప్యూటర్లు నత్తల్లా పాకాలా? పచ్చగా ఉందిగా తల్లీ!"

"మరిచిపోయానని దానికి తెలిస్తే కదండీ, ఎర్రబడడానికి!"

"కరెంటు పోయినప్పుడల్లా నీకిదో జబ్బు."

"ఈ ఊళ్లో ఉండి ఆరోగ్యంగా ఎలా ఉంటానండీ?"

రికార్డుల కిటికీ దగ్గర నేను పగలబడి నవ్వాను. ఆమె అప్పుడే తీసిన బ్యాకప్‌ని పక్క మెషీన్‌లో తెరిచింది.

"డుల్సే, పొద్దున చేరినావిడ పేరొకటి చెప్పు."

"నియూర్కా పెగేరో," అన్నాను.

పేరు వచ్చింది. పడని మందుల గడి ఖాళీ. ఆ గడి నేనే నింపాను, కరెంటు పోవడానికి కాస్త ముందు. అసలు మెషీన్‌లో చూస్తే నిండుగానే ఉంది.

డాక్టర్ రెండు తెరలూ మార్చి మార్చి చూశాడు.

"తియ్యి," అన్నాడు.

యోకాస్తా గుర్తులన్నీ తుడిచింది. సాయంత్రానికి మొత్తం కాపీ చేతికొచ్చింది. మర్నాటి నుంచి గుర్తులు కొత్తగా మొదలయ్యాయి.

శుక్రవారం పది గంటలకి అసలు డిస్కు చచ్చిపోయింది. నియూర్కాకి నొప్పులు ఎక్కువై, బిడ్డ గుండె నెమ్మదించింది. ఆపరేషన్ తప్పదు. ఏ మత్తుమందు పడదో ఆ నొప్పుల్లో ఆమె చెప్పలేకపోతోంది, రాసిన నాకూ గుర్తు లేదు.

యోకాస్తా బ్యాకప్ తిరిగి ఎక్కించడం మొదలుపెట్టింది. పదిహేడు నిమిషాలు. పేజీ తెరుచుకుంది. మందు పేరు ఆపరేషన్ గదిలోకి వినపడేలా గట్టిగా చదివాను. మత్తుడాక్టర్ చేతిలోని సూది పక్కన పెట్టి, ఇంకోటి తీసుకున్నాడు.

ఆపరేషన్ అయ్యాక ఫెర్మీన్ చెమటతోనే సర్వర్ గదిలోకి వచ్చాడు.

"ఆడపిల్ల! గొంతు చూడాలి, పై అంతస్తుకి వినపడుతోంది. తల్లి కళ్లు తెరిచి ఆకలంటోంది."

"అయితే ఇక్కడేం చేస్తున్నారు డాక్టరుగారూ?" అంది యోకాస్తా. "వెళ్లి ఆమె సంగతి చూడండి!"