భీమ్లా ఆపని బండి లేదు

చెయ్యెత్తిన మనిషి కనబడితే బండి ఆపించకుండా ఉండలేనివాడు ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. అతడు కురవి దగ్గరి తండావాడు, రిటైరైన బస్సు కండక్టరు భీమ్లా. చెయ్యెత్తినవాడు ప్రయాణికుడే కానక్కరలేదు, మేకలను అదిలించేవాడైనా, ఒళ్లు విరుచుకునేవాడైనా సరే, "హోల్డాన్!" అని ఒక్క కేక. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి అతని బస్సులో జనగామ కళాశాలకు వెళ్లి చరిత్ర బోధించిన నేను, ఉద్యోగమంతా ఆలస్యంగానే బోధించాను. ఆ టికెట్లన్నీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. సందేహమున్నవారు వచ్చి పరిశీలించుకోవచ్చు.

అటువంటి మనిషిని సముద్రయానానికి వెంటబెట్టుకోవడం నా విజ్ఞతకు తగని పని. నా మేనల్లుడు నరేందర్ నౌకాదళంలో రిటైరై విశాఖపట్నంలో ఒక చిన్న తెరచాప పడవ కొన్నాడు. తీరం వెంబడి మచిలీపట్నం దాకా తీసుకుపోతానన్నాడు. గోల్కొండ వస్త్రాలు ఆ రేవులోనే ఓడలెక్కాయని తరతరాల విద్యార్థులకు చెప్పిన నేను, సముద్రం మీదుగా వెళ్లి ఆ రేవులో కాలు మోపకుండానే పోతానేమోనన్న దిగులుతో ఉన్నాను. సంగతి తెలియగానే భీమ్లా సంచీతో ప్రత్యక్షమయ్యాడు.

"ఒక్కరే పోతరా సార్? నేన్గూడ వస్త."

పడవెక్కకముందే నరేందర్ షరతు పెట్టాడు. "మామా, నీ వయసుకు సముద్రం పడకపోతే జిద్దు చెయ్యొద్దు. ఒక్క వాంతి అయినా దగ్గరి రేవుల దించి బస్సెక్కిస్త."

"వాంతా? నాకా?" అన్నాను. నౌకాయానం మీద నేను చదివిన గ్రంథాలు వాడు చూసిన అలలకంటే ఎక్కువ.

విశాఖ కొండ ఇంకా కనబడుతుండగానే నా కడుపులో కలవరం మొదలైంది. అది పొద్దున తిన్న పెసరట్టు దోషమని నా నిశ్చితాభిప్రాయం. సరిగ్గా అప్పుడే భీమ్లా లేచి పడవ అంచును దబదబా బాదాడు.

"హోల్డాన్! ఒడ్డున ఎవరో చెయ్యెత్తిన్రు!"

"కాకా, గిది పడవ! దీనికి బ్రేకుల్లేవు!" అని నరేందర్ మొత్తుకున్నాడు.

"బ్రేకుల్లేకుంటే గా గుడ్డ దించు బిడ్డా. మనిషి నిలబడ్డడు."

"వాడు వల ఆరేసుకుంటున్నడు!"

"ఆరేసినంక ఎక్కుతడేమో, అడుగుదం."

పడవను ఒడ్డుకు చేర్చి అడిగాం. ఆ జాలరి తనకు మచిలీపట్నంలో పనేమీ లేదని మర్యాదగా మనవి చేశాడు. భీమ్లా అతనితో ముచ్చట్లలో మునిగాడు. నేను విధిలేక ఇసుకలో వెల్లకిలా పడుకొని, భీమ్లా ఇచ్చిన ఎండు ఉసిరిముక్క చప్పరిస్తూ అతణ్ణి మనసారా తిట్టుకున్నాను.

ఉప్పాడ దగ్గర పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. అంపైరు సిక్సరుకు రెండు చేతులూ ఎత్తాడు. "హోల్డాన్! ఇద్దరున్నట్టున్నరు!" అంతర్వేది దగ్గర చేనులో దిష్టిబొమ్మ. దానికోసం కూడా ఆగాం.

"భీమ్లా! గాలి మనకోసం కాచుకొని ఉండదు. నా జీవితకాలపు కోరికను నీ స్టేజీలు మింగేస్తున్నాయి!" అని గర్జించాను.

"పోతె పోనియ్యున్రి సార్. ఎన్క ఇంకో గాలొస్తది."

అతని నేరాలన్నిటినీ తేదీలతో సహా ఒక ఫిర్యాదుగా రాశాను. ఎవరికి పంపాలో తెలియక ఆగాను.

చివరి రోజు మచిలీపట్నం ఒక పూట దూరంలో ఉందనగా గాలి పెరిగింది. విశాఖలో తిన్న పెసరట్టు మళ్లీ కదిలింది. ఒడ్డంతా మడ అడవి. మనిషి కాదు గదా, కొంగ కూడా లేదు.

"హోల్డాన్! చెయ్యెత్తిన్రు!"

"ఎవరు కాకా? గక్కడ చెట్లే గదా!"

కోపంతో భీమ్లా వైపు తిరిగాను. అతడు ఒడ్డును చూడటం లేదు. నా ముఖాన్ని చూస్తున్నాడు. చేతిలో ఉసిరిముక్క అప్పటికే సిద్ధంగా ఉంది.

వల ఆరేసుకున్న జాలరి, అంపైరు, దిష్టిబొమ్మ నా కళ్లముందు వరుసగా నిలబడి, ఒక్కొక్కరే చేతులు దించేశారు.

అంతలో నరేందర్ కూడా నా ముఖం చూశాడు. వాడు ఒక్క మాట అంటే నా సముద్రయానం బస్సు పాలే. నేను పెదవులు బిగించాను.

"అవ్ కాకా," అన్నాడు చివరికి, తెరచాప తాడు వదులుతూ. "గా చెట్టు చెయ్యెత్తినట్టే ఉన్నది. పాపం, ఎంతసేపటి సంది నిలబడ్డదో."

అలలు లేని పాయలో కాసేపు ఆగి, ఆ సాయంత్రమే మచిలీపట్నం చేరాం. భీమ్లా ముందుగా దూకి చెయ్యందించాడు.

"లాస్ట్ స్టేజీ! జర పైలంగ దిగున్రి సార్."

ఫిర్యాదును చించలేదు, నేను ఏ కాగితాన్నీ చించను. అడుగున ఒక్క వాక్యం మాత్రం చేర్చాను: "పై ఆలస్యాలన్నిటికీ బాధ్యత భీమ్లాది కాదు, పెసరట్టుది."