గుమ్మడికాయ మీద మొదటి కత్తి

ఆ సాయంత్రం నాకిప్పటికీ సగం కలలాగే గుర్తుంది. కరీంనగర్‌లో మేం అద్దెకుండే ఇంటి డాబా, మానేరు డ్యామ్ మీంచి వచ్చే చల్లగాలి, తీగకు వేలాడే పసుపు బల్బులు, వాటి కింద దయ్యాల వేషాల్లో మేం ముగ్గురం. ముగ్గురికీ ముప్పై దాటాయి. సిగ్గు లేదా అంటే, ఆ రోజుకు లేదు.

అసలు ఆ హంగామా అంతా మా దోస్తు కోసం. ఎండాకాలంలో వాళ్ల బాపు పోయాడు. సిరిసిల్లలో సాంచాల మీద బట్ట నేసి, ఒక్కగానొక్క బిడ్డను చదివించిన మనిషి. అప్పటినుంచి ఆమె ఆఫీసుకు పోవడం, ఇంటికి రావడం, అంతే. నవ్వదు, ఏడవదు. ఏమడిగినా "మంచిగనే ఉన్న" అంటుంది. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది. ఏడాది దాకా ఇంట్లో పండుగ చేయకూడదు కాబట్టి బతుకమ్మకూ రాలేదు, దసరాకూ రాలేదు. ఇలాగే వదిలేస్తే మా మనిషి మాకు దక్కదని భయమేసింది.

అప్పుడే మాలో మూడో మనిషికి, గాజుల దుకాణం వాళ్ల బిడ్డకు, హాలోవీన్ సంగతి తట్టింది. ఇద్దరం కలిసి ఊళ్లోనే ఉన్న మా దోస్తు ఇంటికి, ఆమెను కన్న అవ్వను అడగడానికి పోయాం.

"గదేం పండుగ బిడ్డా? మాకు ఏడాది దాక ఏ పండుగ లేదు గదా" అంది అవ్వ.

"పండుగనే కాదు చిన్నమ్మా. ఉత్తగ దయ్యాల వేషమేసుకునుడే" అన్నాను.

"దేవునికి మొక్కుడున్నదా?"

"లేదు."

"తలస్నానం?"

"అదీ లేదు."

"గట్లయితే గది పండుగెట్లయితది? తీస్కపోండ్రి" అంది.

నేను ముఖానికి బొగ్గు పూసుకుని కొరివి దయ్యాన్నయ్యాను, చేతిలో కొరివికి బదులు ఫోన్ లైటు. గాజుల దుకాణం పిల్ల తెల్ల దుప్పటి కప్పుకుంది కానీ జరీ చెప్పులు మాత్రం విడవలేదు. మిర్చీబజ్జీలు చల్లారుతుండగా మా దోస్తు మెట్లెక్కి వచ్చింది. వాళ్ల బాపు గళ్ల అంగీ, మోకాళ్ల దాకా. మెడలో ఆయన తువ్వాల. కాటుకతో గీసిన మీసం. మేమిద్దరం ఆమెనే చూశాం.

"ఏందే గట్ల చూస్తుండ్రు? సచ్చిపోయినోళ్ల వేషమన్నరు గదా" అంది.

నేను గుమ్మడికాయ ముందుకు తెచ్చాను. కళ్లూ నోరూ చెక్కి లోపల దీపం పెడదామని మార్కెట్టంతా తిరిగి తెచ్చిన కాయ. కత్తి పట్టుకున్నాక గానీ గుర్తు రాలేదు, నిండు గుమ్మడికాయ మీద ఆడవాళ్లు మొదటి కత్తి పెట్టకూడదని. మగవాళ్లు కోసి ఇస్తేనే మేం తరుక్కోవాలి. దయ్యాల వేషాలు వేసుకుని కూడా నేను దానికి జంకాను చూడండి.

"కాయకు గింత పరేషానా? మా ఇంట్ల గసొంటిదేం లేదు, నేను కోస్త, తే" అంటూ దుప్పటిలోంచి ఒక చెయ్యి బయటికొచ్చింది.

"ఆగు" అంది మా దోస్తు. తువ్వాల తలకు చుట్టింది. గొంతు లావు చేసుకుని, "జరుగుండ్రి బిడ్డా, నేనున్న గదా" అంది. ఆ మాట అచ్చం ఆయనదే. ఒక్క వేటుకు కాయ రెండు చెక్కలైంది. కళ్లు చెక్కడానికి ఇక ఏమీ మిగలలేదు. ముందు ఆమే నవ్వింది, తర్వాత మేం. బల్బులు మసకగా కనిపించేంత నవ్వాం. ఆ నవ్వులోనే ఎక్కడో ఆమెది ఏడుపైంది. నెలలుగా ఆగిన ఏడుపు. మీసం కరిగి గదవ మీదికి కారింది. మేం ఆపలేదు, చెరో పక్కన కూర్చున్నాం. ఒకరు ఏడుస్తుంటే నాకు అంత సంతోషం వేయడం అదే మొదలు.

తర్వాత ఒక చెక్క పట్టుకుని, ఆ వేషాలతోనే ఆటో ఎక్కి వాళ్లింటికి పోయాం. అవ్వ తలుపు తీసింది. అంగీని చూసింది, తువ్వాలను చూసింది. దర్వాజ పట్టుకుని నిలబడింది.

"కాయ ఎవలు కోసిండ్రు?" అంది.

"బాపు" అంది మా దోస్తు.

అవ్వ ఆ చెక్కను రెండు చేతులతో అందుకుంది.

"ఎండకాలం సంది మన పొయ్యి మీదికి గుమ్మడికాయ రాలే" అంది. "కూసోండ్రి, పులుసు పెడ్త."